గుట్ట తెరవకముందు కోసిన కాయలు

శ్రావణంలో ఒక సోమవారం పొద్దున, బళ్లారి సత్యనారాయణపేటలో నా పండ్ల కొట్టు షట్టర్ లేపి అరటి గెలలు కొక్కేనికి తగిలిస్తుంటే ఫోన్ మోగింది. సండూరు కొండల్లో మా అమ్మ పుట్టిన ఊరి నుంచి. ఆ ఊళ్లో ఏ కబురైనా అందరికీ చేర్చేది తప్పెట కొట్టే మామ. ఆయన ఊరికే ఫోన్ చేసే మనిషి కాదు.

"ఏమ్మే, షాపులో ఉండావా?"

"ఉండా మామా, చెప్పు."

"ముందు కూచో."

"కూచునేదానికి జాగా యాడుంది మామా, చెప్పు."

"మీ పెద్దమ్మ పోయిందే. టీ తాగి, లోటా కడిగి బోర్లించి, గోడకి ఆనుకుని కూచుందంట. పక్కింటి అవ్వ పిలిస్తే పలకలేదు."

అప్పుడు నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ చెబుతాను. "గుట్ట తెరిచినారా మామా?" అని అడిగాను. ఆయన తప్పు పట్టలేదు. "యాడ, ఇంకా నెల ఉండాది" అన్నాడు. మా పెద్దమ్మ మాట వస్తే గుట్ట మాట రాకుండా ఉండదు, అది ఆయనకీ తెలుసు.

పెద్దమ్మ అంటే మా అమ్మకు సొంత అక్క. పెదనాన్న పోయి చాలా ఏళ్లయింది, పిల్లల్లేరు. డెబ్బై దాటాయి, ఎన్ని దాటాయో ఆమెకే తెలీదు. ఈ కొట్టుకు వచ్చేవాళ్లలో చాలామంది ఆమె చేతి పండు తిన్నవాళ్లే. వినాయకచవితి పోయాక నా దగ్గర దొరికే సీతాఫలాలు, చిన్నవిగా, గరుగ్గా, గింజలు ఎక్కువగా, కానీ తిన్నాక అరగంట దాకా నోట్లో తీపి వదలనివి, అవి ఆమె కోసి పంపినవి. గాంధీనగర్ నుంచి కారులో వచ్చే ఒక మేడమ్ ప్రతి ఏడాదీ "కొండ పండ్లు వచ్చాయా?" అని ముందుగానే అడిగిపోతుంది. ఆమెకు ఈ కబురు ఇంకా చెప్పలేదు.

కొందరు పెద్దమ్మను చూసినవాళ్లూ ఉన్నారు. ఏడాదికి రెండుసార్లు బళ్లారి వచ్చేది. వస్తే ఇంట్లో కూర్చునేది కాదు, కొట్టులో ఖాళీ డబ్బా బోర్లించుకుని కూర్చునేది. పండు నొక్కి చూసేవాళ్లంటే ఆమెకు పడదు.

"ఏమప్పా, నొక్కితే పండు చెప్తాదా? కండ్లు చూడు, కండ్లు!"

ఒకాయన నిజంగానే బిత్తరపోయి పండులో కండ్లు వెతికాడు. సీతాఫలం మీద గడులు గడులుగా ఉంటాయి కదా, వాటి మధ్య సందు విచ్చుకుని లేత పసుపు తిరిగితే కాయ కన్ను విప్పింది అంటారు కొండ మీద. కన్ను విప్పిన కాయను కోస్తే రెండు మూడు రోజుల్లో పండుతుంది. విప్పకముందు కోస్తే ఎన్ని రోజులు పెట్టినా పండదు, నల్లబడి రాయిలా ఉండిపోతుంది. పెద్దమ్మ ఇదంతా చెప్పి, ఆయన చేతిలోని పండు లాక్కుని వేరేది ఇచ్చింది. ఆయన ఇప్పటికీ నా దగ్గరే కొంటాడు.

ఆమె మాట గురించి చెప్పాలి. కొండ మీద ఒక చరియ నుంచి ఇంకో చరియకు మాట్లాడుకోవాలి కాబట్టి అక్కడివాళ్లు మాట చివర సాగదీస్తారు. సాగదీయకపోతే గాలి తినేస్తుందట. పెద్దమ్మ ఫోన్‌లో కూడా అట్లాగే మాట్లాడేది. నేను ఫోన్ గల్లా పక్కన పెట్టి తక్కెడలో పండ్లు వేస్తుంటే, కొనడానికి వచ్చినవాళ్లు కూడా ఆమె మాటలు మొత్తం వినేవాళ్లు. "ఏమ్మేఏఏ, తిన్యావాఆఆ?" అంటే, ఒకరిద్దరు నాకంటే ముందు "తినింది, తినింది" అని జవాబిచ్చేవాళ్లు. మా అమ్మ పెళ్లై బళ్లారి వచ్చిన కొత్తలో నీళ్ల పంపు దగ్గర ఆడవాళ్లు నవ్వారని ఆరు నెలల్లోనే ఆ సాగదీత మానేసిందట. పెద్దమ్మను చూసి ఎవరు నవ్వినా ఆమె కూడా కలిసి నవ్వేది, మానింది మాత్రం లేదు.

ఒకసారి నేను ఊళ్లో ఉన్నప్పుడు ఇంటింటి వివరాలు రాసుకునే ఒకాయన వచ్చాడు. "అజ్జీ, నిమ్మ మాతృభాషె యావుదు?" అని కన్నడంలో అడిగాడు, మీ మాతృభాష ఏదని.

"తిట్టేదానికి తెలుగు, లెక్కకి కన్నడ, బేరానికి సాయిబుల మాట. నీకేది కావాల్నప్పా?"

"ఒందే బరీబేకు అజ్జీ." ఒక్కటే రాయాలట.

"నీ బుక్కులో జాగా లేకపోతే నేనేం చేసేది? గుట్ట మాట అని రాసుకో."

"అంథా భాషె ఇల్ల అజ్జీ." అట్లాంటి భాష లేదన్నాడు.

"ల్యాదా? మరి ఇంతసేపు నీకేం అర్థమాయె?"

అతను నవ్వేసి ఏదో రాసుకుని, టీ తాగి వెళ్లాడు. ఏం రాసుకున్నాడో మేం అడగలేదు.

వాళ్ల ఊరికి ఎదురుగా ఇంకో గుట్ట ఉండేది. ఇనుప రాయి కోసం తవ్వి తవ్వి ఇప్పుడు అక్కడ ఎర్రటి గుంట మిగిలింది. దాని గురించి పెద్దమ్మ ఏడవడం, శాపాలు పెట్టడం నేనెప్పుడూ చూడలేదు. ఒకసారి మాత్రం చరియ మీద నిలబడి నన్ను పిలిచి, ఎదుటి గుంట వైపు తిరిగి, తనలో తాను అన్నట్టు అంది: "ముందర ఈడ నిలబడి పిలిస్తే ఆ గుట్ట మళ్లా పలికేది. ఇప్పుడు గుట్టే ల్యాదు, యాడ పలుకుతాది?" అంతే. బుట్ట ఎత్తుకుని దిగింది.

ఇక అసలు సంగతికి వస్తాను. మా పెద్దమ్మ నాకేం ఇచ్చింది అని ఎవరైనా అడిగితే, నాకు శిక్ష వేయించింది అని చెబుతాను. కొంచెం ఓపిక పట్టి వినండి.

ఆ ఊళ్లో ఒక కట్టుబాటు ఉంది. గుట్ట మీది సీతాఫలం చెట్లు ఎవరూ నాటినవి కావు, వాటంతట అవి మొలిచినవి. అయినా తాతల నాటి నుంచి ఒక్కో ఇంటికి ఒక్కో చరియ. ఈ బండ నుంచి ఆ వంక దాకా ఫలానా వాళ్లది అని అందరికీ తెలుసు, కాగితం మీద ఎక్కడా ఉండదు. ఎవరి చరియలో వాళ్లే కోసుకుంటారు. కానీ ఎప్పుడు పడితే అప్పుడు కోయకూడదు. పెద్దవాళ్లు పైకి వెళ్లి, కాయలు కన్ను విప్పాయని చూసి, రోజు చెబుతారు. ఆ రోజు పొద్దున తప్పెట మోగుతుంది, ఊరంతా కలిసి ఎక్కుతుంది. దాన్నే గుట్ట తెరవడం అంటారు. ఒకరు ముందు కోస్తే రెండోవాడు ఊరుకోడు, మూడోవాడు అంతకంటే ఊరుకోడు. పచ్చికాయలన్నీ ముందే దిగిపోతాయి, కొండ పండంటే బజారులో నమ్మేవాడు ఉండడు. అందుకని ఆ కట్టుబాటు.

తప్పిన ఇంటికి శిక్ష ఏమిటంటే, అందరూ ఎక్కిన ఐదు రోజుల తర్వాత చివరగా ఎక్కాలి. ఐదు రోజులంటే తక్కువ కాదు. కాయలు చెట్టు మీదే పండి పగులుతాయి, సగం పిట్టల పాలు. ఆ ఐదు రోజులూ ఊరికే కూర్చోకుండా, ఎక్కలేని మనుషులున్న ఇంటి బుట్టలు మోయాలి.

ఇదంతా నాకు తెలుసు. తెలిసే చేశాను.

కొన్నేళ్ల కింద, కొట్టు పెట్టిన కొత్తలో, బెంగళూరులో ఐస్‌క్రీం చేసేవాళ్లు ఫోన్ చేశారు. కొండ సీతాఫలాలు అందరికంటే ముందు పంపగలిగితే సీజనంతా నా దగ్గరే కొంటామన్నారు. పెద్దమ్మకు ఫోన్ చేశాను.

"గుట్ట తెరవలేదేఏఏ" అంది.

"రెండు బుట్టలే పెద్దమ్మా, శాంపిల్‌కి."

"శాంపిల్ అంటే ఏందే?"

"చూపించేదానికి."

"కన్ను మూసుకున్న కాయ చూపిస్తే ఎవరు చూస్తారే? సుమ్మనే ఉండు" అని పెట్టేసింది.

నేను ఊరికే ఉండలేదు. మర్నాడు మొదటి బస్సుకు వెళ్లాను. ఆ రోజు రేషన్ ఇచ్చే రోజు, పెద్దమ్మ సంచి పట్టుకుని కింది ఊరికి వెళ్లింది. నేను ఆమె చరియ ఎక్కి, కాస్త పెద్దగా కనిపించిన కాయలు చూసి రెండు బుట్టలు నింపాను. బుట్ట మీద బుట్ట పెట్టుకుని దిగుతుంటే, కింద నీళ్ల ట్యాంకు దగ్గర తప్పెట మామ కాళ్లు కడుక్కుంటున్నాడు.

"ఆ కాయలు యాడివే?"

"మా పెద్దమ్మ చరియలోవే మామా."

"గుట్ట తెరిచినామా?"

"రెండు బుట్టలే మామా, అర్జెంటు ఆర్డర్..."

"గుట్ట తెరిచినామా అని అడుగుతాండా."

పది నిమిషాల్లో ట్యాంకు చుట్టూ జనం. ఒకామె బుట్టలోంచి కాయ తీసి చూసి, "కండ్లు మూసుకుని నిద్రపోతాండాయి, లేపి తెచ్చినావా?" అంది. అందరూ నవ్వారు. పెద్దవాళ్లు నలుగురు గుసగుసలాడుకున్నారు. చివరికి మామ అన్నాడు:

"పోనీలేండి. బళ్లారి పిల్ల. మన కట్టు దానికేం తెలుసు? బయటోళ్లకి శిక్ష యాడుంది? ఆ కాయలు అమ్మవారి ముందర పెట్టేసి దాన్ని పోనీండి."

నాకు ప్రాణం లేచొచ్చింది. పదకొండు గంటల బస్సు దొరుకుతుందా అని లెక్క వేసుకుంటున్నాను కూడా. అంతలో వెనక నుంచి పెద్దమ్మ గొంతు.

"ఎవరప్పా బయటోళ్లు?"

నెత్తి మీద బియ్యం సంచి. దించకుండానే మాట్లాడింది.

"దీనమ్మ పుట్టింది ఈడ. దీనికి పేరు పెట్టింది ఈడ. ఇది యాడ కోసింది, నా చరియలోనే గదా? పక్కోళ్ల చెట్టు ఒక్కటన్నా ముట్టిందేమో పోయి చూడండి. నా చరియ యాడ మొదలో యాడ కడానో తెల్సు దీనికి. తెలిసిన మనిషి చేసిన తప్పప్పా ఇది. శిక్ష వెయ్యండి."

"అక్కా, వేస్తే నీ చరియకి పడతాది" అన్నాడు మామ. "నువ్వు కడాకు ఎక్కాల. నీకేం మిగుల్తాది?"

"మిగిలింది దించుకుంటా. మిగలంది పిట్టలు తింటాయి. వెయ్యండి."

అందరూ నా వైపు చూశారు. నేను తల ఊపానో లేదో నాకే గుర్తులేదు. శిక్ష వేశారు. పక్కింటి అవ్వకు మోకాళ్లు పట్టేసి అప్పటికే రెండేళ్లు, ఆమె కొడుకు లారీ మీద ఊళ్లు తిరుగుతాడు. ఆమె చరియ కాయలు కోసి బుట్టలు దించే పని నాది.

ఇద్దరం ఇంటికి వెళ్లాం. తలుపు వేయగానే అరిచాను. "వాళ్లే వదిలేస్తాంటే నువ్వెందుకు ఇరికించినావు పెద్దమ్మా? నీకి ఈ ఏడాది బతుకుదెరువు కదా అది!"

ఆమె బియ్యం డబ్బాలో పోస్తూ అంది: "వదిలేసినారంటే ఏమనుకున్యావే? బస్టాండులో దారి అడిగినోనికి దారి చెప్పి పంపిస్తారు చూడు, అట్ల పంపిస్తాండిరి. ఇంక ఎప్పుడూ ఎవరూ నిన్ను ఏమీ అనరు. మంచిదీ అనరు, చెడ్డదీ అనరు." డబ్బా మూత పెట్టి, "తినేసి పో" అంది.

బెంగళూరువాళ్లు వేరేచోట చూసుకున్నారు. "కొట్టు మూసి బుట్టలు మోసేదానికి పోతాండావా? నీకేమన్నా పట్టిందా?" అని మా ఆయన. నాకూ పోవాలని లేదు. కానీ పోకపోతే పెద్దమ్మ ఆ ఊళ్లో తల ఎట్లా ఎత్తుకుంటుంది? గుట్ట తెరిచే ముందురోజే వెళ్లాను.

ఆ ఐదు రోజుల గురించి ఎక్కువ చెప్పను. మొదటి రోజు మెడ పట్టేసింది. రెండో రోజు జారి కూర్చున్నాను, కాయలు చెల్లాచెదురయ్యాయి. కింద నుంచి ఎవరో "బళ్లారిలో లిఫ్టు ఉండాదంట గదా, తెచ్చుకోవాల్సింది!" అని అరిచారు. పెద్దమ్మ పక్కన నడుస్తూ సాయం పట్టలేదు, పట్టకూడదు కూడా. "దిగేటప్పుడు మడమ ముందు ఆనించు, వేళ్లు కాదు" అని మాత్రం చెప్పింది. మూడో రోజు నవ్వినవాళ్లే తలా నాలుగు కాయలు ఏరి నా బుట్టలో వేశారు. నాలుగో రోజు అవతలి చరియ నుంచి ఒకామె నన్ను పిలిచింది. నేను పలికితే వినపడలేదంది. ఇంకోసారి పలికాను. "సాగదియ్యేఏఏ!" అంది. సాగదీశాను. మా అమ్మ మానేసిన మాట అది, నా గొంతులోంచి ఎట్లా వచ్చిందో వచ్చింది.

ఆరో రోజు పెద్దమ్మా నేనూ ఆమె చరియ ఎక్కాం. సగానికి పైగా పగిలి రాలిపోయాయి. మిగిలినవి కోసుకుని దిగాం. ఆ ఏడాదంతా ఆమె ఎట్లా గడుపుకుందో నాకు తెలుసు, ఎందుకంటే నేను ఏం పంపినా తిప్పి పంపింది. ఆ తర్వాత ఎన్నేళ్లయినా ఆ సంగతి ఒక్కసారి కూడా నా దగ్గర ఎత్తలేదు, ఎత్తిపొడవలేదు. నేను అమ్మవారి ముందర పెట్టిన ఆ రెండు బుట్టల కాయలు మాత్రం పండలేదట. దసరాకు చీపురుతో ఊడ్చి పారేశామని మామ ఇప్పటికీ చెప్పి నవ్వుతాడు. అంటే నన్ను ఏదో ఒకటి అంటూనే ఉన్నారు.

ఆమెను మట్టి చేసిన రోజు నేను వెళ్లేసరికి ఊరంతా అక్కడే ఉంది. పదకొండో రోజు భోజనాలయ్యాక చరియ మాట వచ్చింది. పిల్లలు లేని ఇంటి చరియను పక్క రెండిళ్లకు పంచేయడం అక్కడి పద్ధతి. నేను ఒక మూల ఆకులు ఎత్తుతున్నాను. నాకు ఇవ్వండి అని అడగడానికి నోరు రాలేదు. ఊళ్లో నాకు ఇల్లు లేదు, ఓటు లేదు. ఉన్నదల్లా ఆ చరియ. అది పోతే ఇంక ఆ కొండకు నేను ఏ పని మీద వెళ్లాలి?

"దానికి బళ్లారిలో షాపుండాది. ఇది వచ్చి గుట్ట ఎక్కుతాదా?" అన్నాడు ఒకాయన. అందులో తప్పేమీ లేదు, నేనైనా అదే అడుగుతాను.

పక్కింటి అవ్వ గోడ పక్క నుంచి అంది: "ఐదు రోజులు నా బుట్ట మోసింది గదప్పా. ఎక్కుతాదా అంటావేంది, ఎక్కలేదా?"

"అది శిక్ష కదా అవ్వా!"

"శిక్ష ఎవరికేస్తాము?"

మామ నా వైపు తిరిగాడు. "కూలోళ్లని పంపించకూడదు. నువ్వే రావాల. తప్పెట మోగితే షాపు మూసి రావాల. ఆయ్తా?"

"ఆయ్తు మామా" అని ఒప్పుకున్నాను.

"చరియ దీనిది" అన్నాడు. అక్కడితో అయిపోయింది. నాతో వచ్చిన మా ఆయన, సీజన్లో కొట్టు తనే చూసుకుంటానని బస్సులో చెప్పాడు.

అందుకే ఈ ఏడాది మీకు కొండ పండ్లు లేవు. చావు జరిగిన ఇంటి చరియను ఆ ఏడాది ఎవరూ ముట్టరు, వారసులు కూడా. వచ్చే ఏడాది నేనే కోసి తెస్తాను. అప్పటిదాకా అడగొద్దు, వేరే ఊరి పండ్లు పెట్టి కొండ పండ్లని చెప్పే అలవాటు నాకు లేదు.

మొన్న గుట్ట తెరిచారు. కోసుకునేది ఏమీ లేకపోయినా వెళ్లాను. అవ్వ బుట్ట ఖాళీగా ఉంది కదా, అదే ఎత్తుకున్నాను. దిగేటప్పుడు పెద్దమ్మ చరియ పక్కగానే దారి. అంత మందిమి, నెత్తిన బుట్టలతో, మాట్లాడుకుంటూ దిగుతున్నవాళ్లం, అక్కడికి వచ్చేసరికి కొమ్మలు తగలకుండా ఒకరి వెనక ఒకరు ఒద్దికగా నడిచాం. చెట్ల నిండా కాయలు. మా ముందరే ఒకటి దానంతట అదే ఊడి, బండ మీద పడి రెండుగా విచ్చుకుంది. ఎక్కడి నుంచో పికిలిపిట్ట వచ్చి వాలింది. మమ్మల్ని చూసి బెదరలేదు. తెల్లటి గుజ్జు ఒక నోటికి సరిపడా పొడుచుకుని, నల్లటి గింజను పక్కకు విదిలించి, మళ్లీ పొడుచుకుంది. గింజ తడిగా మెరుస్తూ బండ మీద కొంచెం దూరం దొర్లి, గడ్డిలోకి జారిపోయింది.